సివిల్ సీటు వచ్చింది, ఇక చదవడం ఎలా?

కౌన్సెలింగ్‌లో సీట్ల కేటాయింపు బయటికొచ్చిన సాయంత్రం చాలా ఇళ్లలో ఒకే మాట వినపడుతుంది: "సీఎస్ఈ రాలేదా? సివిలా? సరేలే, ఏదో ఒకటి." తర్వాత ఏ పెళ్లిలోనో కలిసిన పెద్దాయన ఇంకాస్త ముందుకెళ్లి "మేస్త్రీ పనికి నాలుగేళ్ల చదువెందుకురా అబ్బాయ్" అంటాడు. ఈ మాటల బరువుతో కాలేజీలో అడుగుపెట్టిన పిల్లలు మొదటి ఏడాదంతా బ్రాంచి మారే దారి వెతుకుతారు. రెండో ఏడాది ఒక కోడింగ్ కోర్సులో చేరతారు. మూడో ఏడాదికి అటు కోడింగూ అబ్బదు, ఇటు సివిలూ అందదు.

మీరు ఇష్టపడి చేరారో, ర్యాంకు తెచ్చి పడేసిందో అన్న లెక్క ఇక్కడ అక్కర్లేదు. నాలుగేళ్లు ఎలాగూ చదవాలి. ఆ నాలుగేళ్లలో ఇంజనీరు కావడం ఎలాగన్నదే ఈ అధ్యాయం.

సివిల్ విద్యార్థికి ఒక వెసులుబాటు ఉంది. చిప్ లోపల ఏం జరుగుతుందో కంటికి కనపడదు. సివిల్ సిలబస్ మాత్రం హాస్టల్ నుంచి క్లాసుకు నడిచే దారి పొడవునా కనపడుతూనే ఉంటుంది: బీములు, సజ్జలు, మురుగుకాలువ, ఓవర్‌హెడ్ ట్యాంకు, గుంతలు పడ్డ రోడ్డు, కట్టడం సగంలో ఆగిన కొత్త బ్లాకు. అయినా ఎక్కువమంది నాలుగేళ్లూ ఆ దారిన తల దించుకునే నడుస్తారు. అందుకే నేను చెప్పేది ఒక్కటే: పుస్తకంలో నేర్చుకున్న ప్రతి అంకెకూ బయట ఒక వస్తువును చూపించండి, బయట చూసిన ప్రతి వస్తువుకూ ఒక అంకె కట్టండి. రెండూ సరిపోయాయో లేదో చూడండి. మిగతా సలహాలన్నీ దీని నుంచి వచ్చేవే.

తల పైన ఉన్న మొదటి లెక్క

మంచం మీద పడుకుని పైకి చూడండి. మీ హాస్టల్ గది 3 మీటర్లు, 4 మీటర్లు అనుకుందాం. స్లాబు మందం 125 మిల్లీమీటర్లు. అంటే ఒకటిన్నర ఘనపు మీటర్ల కాంక్రీటు. ఆర్‌సీసీ బరువు ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లుగా తీసుకుంటాం. కాబట్టి మీ తల పైన ఉన్నది 37.5 కిలోన్యూటన్లు, దాదాపు 3.8 టన్నులు.

ఆ పై గదిలో మనుషులు, మంచాలు, బీరువాల కోసం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల లైవ్ లోడ్ వేస్తాం. 12 చదరపు మీటర్లకు 24 కిలోన్యూటన్లు. మనిషికి 60 కిలోల చొప్పున చూస్తే నలభై మంది. పుట్టినరోజు కేకు కోయడానికి నలభై మంది ఆ గదిలోకి ఎక్కినా, వాళ్లందరి బరువు కంటే స్లాబు సొంత బరువే ఎక్కువ.

ఈ ఒక్క లెక్కతో మీకు మూడు సంగతులు తెలుస్తాయి. డెడ్ లోడ్‌ను ఎందుకంత శ్రద్ధగా లెక్కిస్తారో తెలుస్తుంది. "గట్టిగా ఉంటుంది, ఇంకో అంగుళం మందం వెయ్యండి" అని ఇంటాయన అంటే, ఆ అంగుళం ఈ చిన్న గది మీదే ముప్పావు టన్ను అదనపు బరువు పెడుతుందని తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కిలోన్యూటన్ అంటే ఎంతో ఒంటికి తెలుస్తుంది. సుమారు వంద కిలోల బరువు. పరీక్షలో జవాబు 37.5 బదులు 3750 వస్తే, ఎక్కడో తప్పు జరిగిందని చెయ్యి అక్కడే ఆగాలి. ఆ ఆగడం రాకపోతే ఎన్ని సూత్రాలు బట్టీపట్టినా లాభం లేదు.

మెకానిక్స్‌ను తేలిగ్గా వదలొద్దు

మొదటి ఏడాది సివిల్ సివిల్‌లా ఉండదు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కొంచెం ప్రోగ్రామింగ్, డ్రాయింగ్. ఇంటర్ మూడో ఏడాదిలా అనిపిస్తుంది. అందులో ఇంజనీరింగ్ మెకానిక్స్ దగ్గర మాత్రం జాగ్రత్తపడండి. ఈ గొలుసు చూడండి: మెకానిక్స్ రాకపోతే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ రాదు, అది రాకపోతే స్ట్రక్చరల్ అనాలిసిస్ రాదు, అది రాకపోతే ఆర్‌సీసీ, స్టీల్ డిజైన్లు రావు. సప్లీల జాబితాలో ఈ సబ్జెక్టులు వరసగా కనపడటానికి కారణం పేపరు కష్టంగా రావడం కాదు, మొదటి లింకు తెగిపోవడం. మూడో ఏడాదిలో ఇరుక్కుపోయినవాళ్లు అనాలిసిస్ గైడు కొనడం ఆపి, వారం రోజులు ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లు గీయాలి.

ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటే ఒక ముక్కను మిగతా కట్టడం నుంచి విడదీసి, దాని మీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా గీయడం. ఇది చిన్నపిల్లల పనిలా కనపడుతుంది. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్లో ఏం జరిగిందో తెలుసుకుంటే అలా అనిపించదు. హాలు మధ్యలో రెండో అంతస్తు, నాలుగో అంతస్తు స్థాయిల్లో రెండు నడక వంతెనలు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి కింది వంతెన దాకా ఒకే పొడవైన కడ్డీ. పని సులువు కోసం దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు: పైకప్పు నుంచి పై వంతెన దాకా ఒకటి, పై వంతెన నుంచి కింది వంతెనకు ఇంకొకటి. ఈ మార్పుతో కింది వంతెన బరువు కూడా పై వంతెన బీము మీదే పడింది. ఆ బీము కింద ఉన్న నట్టు మోయాల్సిన భారం రెట్టింపయింది. ఆ అతుకును ఎవరూ మళ్లీ లెక్కకట్టలేదు. వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు రద్దయ్యాయి.

రెండు డిజైన్లకూ ఆ నట్టు దగ్గర ఫ్రీ బాడీ డయాగ్రమ్ మీరే గీసి చూడండి. మొదటి ఏడాది విద్యార్థికి పది నిమిషాల పని. పదికి పది మార్కులు తెచ్చే ప్రశ్నల కంటే ఈ ఒక్క బొమ్మ మీకు ఎక్కువ నేర్పుతుంది.

సర్వేలో స్టాఫ్ పట్టుకునే పని మీకే వదిలేస్తే

రెండో ఏడాదిలో సర్వే ల్యాబు వస్తుంది. ఎండలో కాలేజీ మైదానమంతా తిరగడం, ట్రైపాడ్ మోయడం, గొడుగు మనకు కాకుండా పరికరానికి పట్టడం. ఎనిమిది మంది బ్యాచిలో ఇద్దరు లెవెల్ దగ్గర ఉంటారు, ఒకరు ఫీల్డ్ బుక్ రాస్తారు, ఒకరు స్టాఫ్ (అంకెలున్న కొలబద్ద) పట్టుకుంటారు, మిగతావాళ్లు చెట్టు కింద ఉంటారు. సెమిస్టర్ అయ్యేసరికి పరికరం వాడటం ఆ ఇద్దరికే వస్తుంది. మొహమాటపడకండి. ప్రతి వారం పనులు మార్చుకునే ఒప్పందం మొదటి రోజే చేసుకోండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే సైటు ఇంజనీరు మీ చేతికిచ్చేది ఆటో లెవెలో, టోటల్ స్టేషనో.

ఫీల్డ్ బుక్‌లో తప్పు పడితే చెరపకండి, దిద్దకండి. అడ్డంగా ఒక గీత గీసి పైన సరైన అంకె రాయండి. పాత అంకె కనపడాలి. రేపు కాంట్రాక్టరుతో వివాదం వస్తే ఆ పుస్తకమే సాక్ష్యం.

లెవెలింగ్‌లో ఒక అందమైన సూత్రం ఉంది. బ్యాక్ సైట్ల మొత్తం నుంచి ఫోర్ సైట్ల మొత్తం తీసేస్తే వచ్చేదీ, చివరి ఆర్.ఎల్. (రెడ్యూస్డ్ లెవెల్, అంటే ఆ చోటు ఎత్తు) నుంచి మొదటి ఆర్.ఎల్. తీసేస్తే వచ్చేదీ ఒకటే కావాలి. చాలామంది ఇది సరిపోగానే పేజీ మూసేస్తారు. కానీ ఈ తనిఖీ కూడికలు, తీసివేతల తప్పును మాత్రమే పట్టిస్తుంది. స్టాఫ్ మీద 1.645ను 1.465గా చదివితే దానికి తెలియదు. ఆ తప్పు దొరకాలంటే బయల్దేరిన బెంచ్ మార్కు దగ్గరికే మళ్లీ లెవెలింగ్ చేసుకుంటూ తిరిగి రావాలి. ఏ తనిఖీ ఏ తప్పును పట్టగలదో, దేన్ని పట్టలేదో తెలిసుండటం ఇంజనీరుకు ఉండాల్సిన మొదటి గుణం. అది సర్వేలోనే అలవాటు చేసుకోండి.

ఒక ఆదివారం దగ్గర్లో కొత్త ఇంటికి ముగ్గు పోసే చోటికి వెళ్లండి. మేస్త్రీ పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి రెండు చివర్ల మట్టం చూస్తాడు. మూలమట్టం కోసం 3, 4, 5 అడుగుల కొలతలతో దారం లాగుతాడు. మీరు బడిలో చదివిన పైథాగరస్‌ను ఆయన రోజూ వాడుతున్నాడు. "మేస్త్రీ పని" అన్న మాట వినగానే చిన్నబుచ్చుకోవడం ఆ రోజుతో పోతుంది.

సజ్జలో కడ్డీ ఎక్కడుండాలి?

బెండింగ్ మూమెంట్ ఎంతంటే 'డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై ఎయిట్' అని నిద్రలో లేపినా చెప్పే విద్యార్థిని, "అయితే సజ్జలో మెయిన్ కడ్డీలు పైనా, కిందా?" అని అడిగితే తడబడటం మామూలే. అక్కడే చదువు సూత్రం దగ్గర ఆగిపోయిందని తెలుస్తుంది.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది. లాగుడును తట్టుకునే శక్తి అందులో సుమారు పదో వంతే. అందుకే లాగుడు వచ్చే వైపు స్టీలు పెడతాం. రెండు గోడల మీద ఆనిన స్లాబు మధ్యలో కిందికి వంగుతుంది, లాగుడు అడుగున వస్తుంది, కడ్డీలు అడుగున ఉండాలి. సజ్జ, బాల్కనీ కాంటిలీవర్లు. ఒక వైపే పట్టు. కొస కిందికి వంగుతుంది, లాగుడు పై వైపు వస్తుంది, కడ్డీలు పైన ఉండాలి. బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌లో గుర్తు మారడం అంటే సైటులో కడ్డీ కింది నుంచి పైకి మారడం.

సైటులో ఏమవుతుందో చూడండి. రాడ్ బెండర్ పైన సరిగ్గానే కడతాడు. కాంక్రీటు పోసే రోజు తట్టలు మోసేవాళ్లు ఆ కడ్డీల మీదే నడుస్తారు. అవి అడుగుకు దిగిపోతాయి. సెంట్రింగ్ ఊడదీసేదాకా ఎవరికీ తెలియదు. ఊడదీసిన రోజు సజ్జ విరిగి పడుతుంది. చైర్లు పెట్టి పై కడ్డీలను నిలబెట్టడం, నడవడానికి పలకలు వేయించడం, కాంక్రీటు పోస్తుంటే పక్కనే నిలబడి చూడటం — ఇంజనీరు ఆ పూట చేయాల్సిన పని ఇదే. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివేటప్పుడు ప్రతి బీము బొమ్మ పక్కనా ఎర్ర పెన్నుతో కడ్డీలు గీయండి. సిలబస్‌లో అడగరు. తర్వాత వచ్చే ఆర్‌సీసీ సబ్జెక్టు మాత్రం అప్పుడే సగం అయిపోతుంది.

ల్యాబు రికార్డు కాపీ కొడితే పోయేదేమిటి?

పోయిన ఏడాది సీనియర్ రికార్డు తెచ్చి రీడింగులు ఎక్కించేయడం మన కాలేజీల్లో కొత్త కాదు. మార్కులు వస్తాయి కూడా. పోయేది పదార్థంతో పరిచయం.

కాంక్రీటు క్యూబు తీసుకోండి. 150 మిల్లీమీటర్ల ఘనం, ఎనిమిది కిలోల పైచిలుకు బరువు. మూడు పొరలుగా నింపి, పొరకు కనీసం 35 పోట్లు పొడవాలి. 28 రోజుల తర్వాత యంత్రంలో పెడితే ఎం25 కాంక్రీటు 562.5 కిలోన్యూటన్ల దగ్గర 25 మెగాపాస్కల్ చూపించినట్టు. అయితే మిక్స్ డిజైన్‌లో మనం గురిపెట్టేది 25 కాదు, 31.6. ఎందుకు? నూరు ఫలితాల్లో ఐదుకు మించి 25 కంటే తగ్గకూడదని ఐఎస్ 456 చెబుతోంది. ఇసుక, కంకర, నీళ్లు, కూలీల పనితీరు రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి ఆ తేడాకు తగ్గట్టు గురి పైకి జరపాలి. మీ బ్యాచి పోసిన మూడు క్యూబులకు మూడు వేర్వేరు విలువలు వస్తాయి. రికార్డు కాపీ కొట్టినవాళ్లకు ఆ తేడా కనపడదు. తేడా చూడనివాళ్లకు ఆ గురిని లెక్కించే సూత్రంలోని 1.65 ఎక్కడి నుంచి వచ్చిందో ఎన్నటికీ అర్థం కాదు.

అదే ల్యాబులో ఒక క్యూబుకు కావాలని నీళ్లు ఎక్కువ పోసి చూడండి. పోయడానికి హాయిగా ఉంటుంది, విరగడానికి కూడా. నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తే బలాన్ని నిర్ణయిస్తుందని డఫ్ అబ్రామ్స్ 1918లోనే చెప్పాడు. వందేళ్లు దాటినా మన సైటుల్లో "కొంచెం జారుగా చెయ్యి" అన్న కేక ఆగలేదు. పోసిన బకెట్టు నీళ్లకు బలం ఎంత తగ్గిందో సొంత కళ్లతో చూసిన ఇంజనీరే ఆ కేకను ఆపగలడు.

సాయిల్స్ ల్యాబులో నల్లరేగడి పరీక్ష ఒకటి ఉంది. పొడిచేసి జల్లించిన మట్టిని పదేసి గ్రాములు తీసుకుని ఒక గాజు గొట్టంలో నీళ్లలో, ఇంకో దానిలో కిరోసిన్‌లో వేసి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో ఉన్న మట్టి ఉన్నంతే ఉంటుంది. నీళ్లలో ఉన్నది ఉబ్బుతుంది. ఆ మట్టిలోని మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం నీటిని పొరల మధ్యకు లాక్కోవడమే కారణం. మీది రేగడి నేలల ఊరైతే సంచిలో కిలో మట్టి తెచ్చి ఈ పరీక్ష చేయండి. మీ ఊళ్లో గోడలు వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఎందుకు బీటలు తీస్తాయో తెలుస్తుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్‌ను అభివృద్ధి చేసిందని చదివితే, అది పాఠంలా కాక మీ ఊరి కబురులా గుర్తుంటుంది.

వాన పడ్డ రోజు బయటికి రండి

హైడ్రాలజీని పరీక్షకు ముందు రాత్రి చదివే సబ్జెక్టుగా చూస్తాం. ఒక జోరువాన రోజు కాలేజీ గేటు దగ్గర తూము చూసి లెక్కకట్టండి. ప్రాంగణం పదెకరాలు, అంటే సుమారు 40,000 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన. పడ్డదాంట్లో 60 శాతం ప్రవాహంగా వస్తుందనుకుంటే గంటకు 1,200 ఘనపు మీటర్లు, సెకనుకు 333 లీటర్లు. ఆ తూము అంత నీటిని తీసుకోగలదా? తీసుకోలేకపోతే ఆ నీళ్లు ఎటు పోతాయి?

ఇది ఆటలెక్క కాదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఒక చిన్న రైలు వంతెన వరదకు కొట్టుకుపోయి, డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ బోగీలు వాగులో పడ్డాయి. వందమందికి పైగా చనిపోయారు. పెద్ద ఆనకట్టలకు పేరొస్తుంది. ప్రాణాలు ఎక్కువగా ఆధారపడేది ఎవరూ పేరు పెట్టని ఇలాంటి చిన్న వంతెనలు, తూముల మీదే. ఉద్యోగంలో మీ చేతికి ముందుగా వచ్చేవీ ఇవే.

నీళ్ల నాణ్యత కూడా అంతే. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన మనుషులను చూసినవాళ్లకు ఆ అర మిల్లీగ్రాము విలువ వేరుగా చెప్పక్కర్లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరే వాడుతుంది. మన జిల్లా పేరు అంతర్జాతీయ పాఠ్యపుస్తకంలో ఉందని తెలియకుండానే డిగ్రీ పూర్తిచేసేవాళ్లున్నారు.

కోడ్ ముందు, సాఫ్ట్‌వేర్ తర్వాత

ఐఎస్ కోడ్‌ను పరీక్ష హాల్లోకి అనుమతించే పుస్తకంగా మాత్రమే చూడొద్దు. బీఐఎస్ వెబ్‌సైటులో నమోదు చేసుకుంటే కోడ్‌లు ఉచితంగా దొరుకుతాయి. వారానికి రెండు పేజీల చొప్పున ఐఎస్ 456 చదవండి. ప్రతి నిబంధన వెనకా ఎక్కడో జరిగిన నష్టం ఉంటుంది. పిల్లర్లకు 40 మిల్లీమీటర్ల కవర్ ఎందుకన్నారో, సముద్రం ఒడ్డున తుప్పుతో పెచ్చులూడిన పిల్లరు ఒకటి చూస్తే చాలు.

ఆటోక్యాడ్, స్టాడ్ ప్రో, ఈటాబ్స్, రెవిట్ నేర్చుకోవాల్సిందే. ఎక్సెల్‌ను అన్నిటికన్నా ముందు నేర్చుకోండి, బిల్లులు, బార్ బెండింగ్ షెడ్యూళ్లు అందులోనే నడుస్తాయి. అయితే ఒక నియమం పెట్టుకోండి. స్టాడ్ ఫలితం రాగానే రంగుల బొమ్మలు చూడొద్దు. పునాదుల దగ్గర రియాక్షన్లన్నీ కూడి, భవనం మొత్తం బరువుతో సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే ఏదో లోడ్ ఎక్కించడం మర్చిపోయారన్నమాట. చేత్తో సుమారుగా వేసిన లెక్కకూ కంప్యూటరు లెక్కకూ పొంతన లేకపోతే, రెండిట్లో తప్పు ఎక్కడుందో తేలేదాకా ముందుకు వెళ్లొద్దు.

సైటుకు ఎలా వెళ్లాలి? ఏం అడగాలి?

ఇంటర్న్‌షిప్ అంటే సర్టిఫికెట్టు అనుకునేవాళ్లు ఎక్కువ. సర్టిఫికెట్టు ఎలాగూ వస్తుంది. మీ ఊళ్లో తెలిసినవాళ్ల ఇల్లు కడుతున్నా చాలు, అనుమతి తీసుకుని, హెల్మెటు, బూట్లు వేసుకుని సెలవుల్లో ఒక నెల వెళ్లండి. వెళ్లిన రోజే తప్పులు పట్టడం మొదలుపెట్టకండి. "అన్నా, ఇది ఇలా ఎందుకు కడుతున్నావు?" అని అడిగితే రాడ్ బెండర్ చెప్పేది ఏ గైడులోనూ ఉండదు.

చూడాల్సినవి చెబుతాను. పిల్లరు రింగు కొసలు లోపలికి 135 డిగ్రీలు వంచారా, 90 డిగ్రీలకే వదిలేశారా? భూకంపం వస్తే 90 డిగ్రీల కొస విచ్చుకుంటుంది, లోపలి కాంక్రీటు చెదిరిపోతుంది. కవర్ బ్లాకులు పెట్టారా, రాయి ముక్కలు పెట్టారా? కడ్డీల అతుకులన్నీ ఒకే చోట వచ్చాయా? క్యూరింగ్ ఎన్ని రోజులు? మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం ఏడు రోజులని కోడ్ చెబుతోంది. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం కట్టి 162తో భాగిస్తే మీటరుకు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం కడ్డీ 0.89 కిలో, 12 మీటర్ల పూర్తి కడ్డీ దాదాపు 10.7 కిలోలు. లారీ దిగిన స్టీలును ఈ లెక్కతో సరిచూసిన కుర్రాణ్ని కాంట్రాక్టరు మర్చిపోడు.

అమ్మాయిలకు సైటు ఎందుకన్న మాట ఇంకా వినపడుతోంది. పి.కె. త్రెసియా 1940ల్లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ చదివి, కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. ఆ ప్రశ్నకు జవాబు అప్పుడే వచ్చేసింది.

ఉద్యోగం మాటేమిటి?

ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం. సైటు ఉద్యోగంలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉంటుంది. ఊరికి దూరం, వారానికి ఆరు రోజుల పని. క్యాంపస్‌కు వచ్చే సివిల్ కంపెనీలూ తక్కువే. ఇది తెలిసే నిర్ణయం తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలనుకుంటే రెండో ఏడాదిలోనే తేల్చుకుని దానికి తగ్గ కష్టం పడండి; అందులో తప్పేమీ లేదు. తప్పు తేల్చుకోకపోవడంలో ఉంది.

సివిల్‌లోనే ఉండాలనుకుంటే దారులు చాలానే ఉన్నాయి. గేట్‌తో ఎంటెక్, ప్రభుత్వరంగ సంస్థలు. టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ ద్వారా ఏఈఈ పోస్టులు. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్. ప్రైవేటు నిర్మాణ సంస్థలు, డిజైన్ ఆఫీసులు. అమెరికాలో ఎంఎస్ చేసి డ్రాయింగు మీద సంతకం పెట్టే హోదా కావాలంటే ముందు ఎఫ్ఈ, అనుభవం తర్వాత పీఈ పరీక్ష రాయాలి. ఈ పరీక్షలన్నిటికీ పునాది ఒకటే: మెకానిక్స్, స్ట్రెంగ్త్, ఫ్లూయిడ్స్, సాయిల్స్, సర్వే. రెండో ఏడాది గట్టిగా చదివినవాళ్లు ఐదు దారుల్లో దేనికైనా సగం సిద్ధమైనట్టే.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన జి. మాధవీలత 1992లో కాకినాడ జేఎన్‌టీయూలో సివిల్ బీటెక్ పూర్తిచేశారు. వరంగల్‌లో ఎంటెక్, ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ చేసి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ అయ్యారు. నదీగర్భం నుంచి 359 మీటర్ల ఎత్తున ఉన్న చినాబ్ రైలు వంతెనకు కొండవాలు స్థిరంగా నిలబడేలా, పునాదులు పట్టునిచ్చేలా చూసే పనిలో ఏళ్ల తరబడి సలహాదారుగా ఉన్నారు. అక్కడ తవ్వుతున్నకొద్దీ రాతిలో పగుళ్లు ఒక్కోచోట ఒక్కోలా బయటపడ్డాయి. ముందుగా గీసిన డ్రాయింగును పట్టుకు కూర్చోకుండా, కనపడిన రాతిని బట్టి డిజైన్‌ను ఎప్పటికప్పుడు సవరించుకుంటూ వెళ్లారు. 2025 జూన్ 6న ఆ వంతెన ప్రారంభమయ్యాక పొగడ్తలు వెల్లువెత్తితే, ఈ పనిలో వేలమంది ఉన్నారని, తన పాత్ర ఫలానా అని ఆమే స్పష్టంగా చెప్పారు. చూసింది లెక్కకట్టడం, లెక్కను చూసినదానితో సరిచూసుకోవడం — అంత పెద్ద పనిలోనూ పద్ధతి ఇదే.

ఏడాదికో పని

మొదటి ఏడాది: మీ గది స్లాబు, కాలేజీ మెట్లు, నీళ్ల ట్యాంకు బరువులు కట్టండి. హయత్ నట్టు బొమ్మ గీయండి.

రెండో ఏడాది: కాలేజీ గేటు నుంచి హాస్టల్ మెట్టు దాకా లెవెలింగ్ చేసి, మళ్లీ గేటు దాకా తిరిగి వచ్చి తేడా ఎంతో రాయండి. కనపడిన ప్రతి కాంటిలీవరుకూ కడ్డీలు ఎక్కడుండాలో గీయండి.

మూడో ఏడాది: సెలవుల్లో ఒక నెల సైటులో గడపండి. రోజుకో పేజీ డైరీ రాయండి. ఒక చిన్న ఇంటికి ఎస్టిమేటు సొంతంగా వేసి, అసలు ఖర్చుతో పోల్చండి.

నాలుగో ఏడాది: ప్రాజెక్టు కొనుక్కోవద్దు. మీ ఊరి చెరువు సర్వే, కాలేజీ కూడలిలో వాహనాల లెక్కింపు, హాస్టల్ తాగునీటి పరీక్ష, రోబో శాండ్‌తో చేసిన కాంక్రీటు బలం — వీటిలో ఏదైనా చాలు. చిన్నదైనా మీరు కొలిచిన అంకెలుండాలి. ఇంటర్వ్యూలో "ఈ విలువ ఎలా వచ్చింది?" అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగేది అప్పుడే.

నాలుగేళ్ల తర్వాత డిగ్రీ అందరికీ ఒకేలా వస్తుంది. మీరు "సరే" అన్న రోజున మాత్రం కాంక్రీటు పోస్తారు, కట్టిన దాని కింద మీకు తెలియని కుటుంబం ఒకటి నిద్రపోతుంది. ఆ "సరే" అనే అర్హత సంపాదించుకోవడానికే ఈ చదువు. ఈ ఆదివారమే టేపు పట్టుకుని బయటికి రండి, మీ గది స్లాబుతోనే మొదలుపెట్టండి.